పిల్లి మధుమేహము: సూది మానిన పిదప

మధుమేహము సోకిన పెంపుడు పిల్లికి మాసముల తరబడి ఇన్సులిన్ సూది వేయుచు రాగా, మోతాదు క్రమముగా తగ్గి, తుదకు మందు లేకయే దాని రక్తములోని చక్కెర సమస్థితిలో నిలుచుట నేటి పశువైద్యులకు సుపరిచితమైన విషయము. కుక్కలలో ఇది మిక్కిలి అరుదు. పిల్లులలో మాత్రము, చికిత్స తొలినాళ్లనుండియు శ్రద్ధతో సాగినచో, ఆశింపదగినదే. అయినను వైద్యులు దీనిని రోగనిర్మూలనమనరు, ఉపశమనమనియే యందురు. ఏలయన, సూది మానిననాటితో చికిత్స ముగియదు, పిల్లిని కనిపెట్టియుండవలసిన కాలము ఆనాటితోనే మొదలగును. ఈ ఆచారమెట్లు ఏర్పడినది, దానికి ఆధారమైన జ్ఞానమెచ్చటినుండి వచ్చినది అని విచారింపగా, ఆ జ్ఞానమును తొలుదొలుత లోకమునకు నేర్పినవి పిల్లులేయనియు, అది తిరిగి పిల్లులకు ఉపకరించుటకు అర్ధశతాబ్దమునకు పైగా పట్టినదనియు తేలుచున్నది. ఇంతటి జాప్యమునకు మూలము వైద్యుల అశ్రద్ధ కాదు, చక్కెరను ఇంటిపట్టున కొలువగల సాధనము లేకపోవుటయే యని నా నిశ్చయము.

మూత్రము తీపియగుట ఈ వ్యాధికి గుర్తని మన ప్రాచీనులు ఏనాడో గ్రహించిరి. చరక సుశ్రుత సంహితలు ప్రమేహములను ఇరువది విధములుగా విభజించి, వానిలో మధుమేహమును ప్రత్యేకముగా పేర్కొన్నవి. రోగి మూత్రమునకు చీమలు చేరుట మన వైద్యులు నాడే గమనించిన లక్షణము. ఐరోపాఖండమున ఈ తీపిని 17వ శతాబ్దమున థామస్ విల్లిస్ గుర్తించెను. 1776లో లివర్‌పూల్ నగర వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రోగి మూత్రమును ఇగిర్చి, అడుగున మిగిలిన పదార్థము చక్కెరయేయని తేల్చి, రక్తమునందును ఆ తీపి కలదని చెప్పెను. పరీక్షింపవలసినది రక్తమను భావమునకు బీజము ఇచ్చట పడినది. కాని ఒక్క రక్తపు బొట్టును క్షణములలో పరీక్షించు ఉపాయము రమారమి రెండువందల యేండ్లకు గాని రాలేదు.

1889లో స్ట్రాస్‌బర్గ్ నగరమున ఆస్కర్ మింకోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మేరింగ్ అనువారు కుక్క క్లోమమును తొలగించి దానికి మధుమేహము కలిగించుటయు, 1921-22 సంవత్సరములలో టొరంటోయందు బాంటింగ్, బెస్ట్, కొలిప్, మక్లియాడ్ గార్లు ఇన్సులిన్‌ను సాధించుటయు లోకమెఱిగిన కథలు గనుక వానిని విస్తరింపను. మన ప్రస్తావమునకు వారికంటె ముఖ్యుడు అమెరికా దేశీయుడైన ఫ్రెడరిక్ ఆలెన్. 1913లో మధుమేహముపై బృహద్గ్రంథమును ప్రకటించిన ఈయన, క్లోమములో అధికభాగమును తీసివేసి స్వల్పభాగమును మాత్రమే మిగిల్చిన జంతువులకు మితముగా ఆహారము పెట్టిన అవి స్వస్థముగా నుండుననియు, అమితముగా పెట్టిన వానికి మధుమేహము పైకొనుననియు, అట్టి స్థితిలో మిగిలిన క్లోమములోని కణములు సైతము నీరుపట్టి శిథిలమగుననియు తన ప్రయోగములలో చూపెను. ఇన్సులిన్ లేని ఆ కాలమున ఈయన రోగులను అర్ధాకలితో నుంచిన పథ్యము అతికఠినమైనదే. దానివలన కొందఱు పసివారు ఇన్సులిన్ వచ్చువఱకు బ్రతికిరి, కొందఱు చిక్కి శల్యమై పోయిరి. అయినను దాని వెనుకనున్న తలంపు లోతైనది: బరువు లాగలేక చతికిలబడిన యెద్దుకు సకాలమున కాడి దించినచో అది మఱల లేచి నిలుచును, కాడి దింపకయే అదలించినచో ఇక లేవదు. క్లోమపు గతియు నట్టిదేయని ఆలెన్ ఊహించెను. ఊహను నిదర్శనముతో స్థిరపఱచినది పిల్లి.

పిల్లులపై జరిగిన ఆ ప్రయోగములకు దారి తీసినవారు మఱికొందఱు గలరు. బ్యూనోస్ ఐరిస్ నగరమున బెర్నార్డో ఉసాయ్ మధుమేహమును తీవ్రతరము చేయు శక్తి పీయూష గ్రంథికి కలదని కనుగొని, ఆ పరిశోధనలకు 1947లో నోబెల్ బహుమానము నందెను. 1936లో అమెరికాలో లాంగ్, ల్యూకెన్స్ అనువారు క్లోమముతోబాటు అధివృక్క గ్రంథులను గూడ తొలగించిన పిల్లులలో వ్యాధి శమించి, అవి అధికకాలము జీవించుటను చూపిరి. 1937లో ఇంగ్లండునందు ఫ్రాంక్ యంగ్, పీయూష గ్రంథి సారమును కొంతకాలము ఎక్కించినచో, ఆ సారమును మానిన తరువాతను కుక్కలలో మధుమేహము శాశ్వతముగా నిలిచిపోవునని ప్రకటించెను. ఇట్లు శాశ్వతమగు వ్యాధిని మధ్యలో నడ్డగింపవచ్చునా యను ప్రశ్న సహజముగానే పుట్టినది.

ఫిలడెల్ఫియా నగరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన కాక్స్ పరిశోధన సంస్థలో ల్యూకెన్స్, డోహన్ అనువారు ఈ ప్రశ్నను చేపట్టి, 1942లో తమ ఫలితములను వెల్లడించిరి. పీయూష గ్రంథి సారముచేత మధుమేహము తెప్పించిన పిల్లులకు వ్యాధి తొలిదశలోనే ఇన్సులిన్ ఇచ్చి, లేదా ఆహారమును నియమించి, రక్తములోని చక్కెరను దింపగా, అవి కోలుకొనెను. కోలుకొన్న పిదప వానికి ఇన్సులిన్ అవసరము లేకపోయెను. క్లోమములో ఇన్సులిన్‌ను పుట్టించు లాంగర్‌హాన్స్ పుటికలలోని నీరుపట్టిన కణములు మఱల సహజరూపము దాల్చెను. చికిత్స ఆలస్యమైన పిల్లుల పుటికలు మాత్రము క్షీణించి, వ్యాధి వానికి శాశ్వతమయ్యెను. మఱుసటి సంవత్సరమున వారే ఫ్లోరిజిన్‌ను ప్రయోగించిరి. ఆపిలు చెట్టు బెరడునుండి తీయు ఈ పదార్థము క్లోమమును తాకదు. మూత్రపిండముల ద్వారా చక్కెరను బయటికి పోనిచ్చి రక్తములో దానిని తగ్గించును. దీనివలనను పిల్లులు కోలుకొనెను. అనగా కణములను కాపాడినది ఇన్సులిన్‌కు గల యేదో ప్రత్యేక మహిమ కాదు, చక్కెర తగ్గుటయే. ఈ తర్కమునకు తుది మెట్టుగా 1947లో వారు పిల్లులకు కేవలము గ్లూకోజునే పదేపదే ఎక్కించి, దానివలననే పుటికలు చెడుటను చూపిరి. రక్తమున చక్కెర హెచ్చుట వ్యాధికి ఫలము మాత్రమే కాదు, వ్యాధిని పెంచు హేతువు గూడ నను ఈ సత్యమునకు గ్లూకోజు విషప్రభావమను పేరు ఎన్నో యేండ్లకు ప్రచారములోనికి వచ్చినది. మధుమేహ చరిత్రలో టొరంటో కుక్కలను అందఱు తలతురు; ఫిలడెల్ఫియా పిల్లులను తలచువారు అరుదు. ప్రయోగశాలలో ప్రాణములిచ్చిన ఆ జీవులకు వైద్యశాస్త్రము తీర్పవలసిన ఋణము చిన్నది కాదు.

ఇంత తెలిసియు, 1940ల నాటి గృహస్థుని పిల్లికి దీనివలన మేలు కలుగలేదు. ఉపశమనమును సాధింపవలెనన్న చక్కెరను సమస్థితికి దింపవలెను. అట్లు దింపవలెనన్న దానిని నిత్యము కొలువవలెను. ఆనాటి కొలత మూత్రముతోనే. మూత్రమును నీలివర్ణపు బెనెడిక్ట్ ద్రావణముతో కలిపి కాచి, అది ఆకుపచ్చయైనదో, పసుపైనదో, ఇటుక యెఱుపైనదో చూచి చక్కెర పరిమాణమును అంచనా వేయుట మన ఆంధ్రదేశపు ఆసుపత్రులలోను చిరకాలము సాగిన పద్ధతియే. ఎల్కార్ట్ పట్టణపు ఏమ్స్ సంస్థ 1941లో క్లినిటెస్ట్ మాత్రలను, 1956లో ముంచి చూచు క్లినిస్టిక్స్ పట్టీలను తెచ్చి ఈ శ్రమను తగ్గించినది. కాని రక్తములో చక్కెర డెసిలీటరునకు 200 మిల్లీగ్రాములకు చాల పైబడిన గాని పిల్లి మూత్రములోనికి అది దిగదు. కావున మూత్రమున చక్కెర లేదనుటకు, పిల్లి స్వస్థముగా నున్నదని యర్థము కావచ్చును. మందు మితిమీరి చక్కెర ప్రాణాపాయకరముగా పడిపోయినదనియు కావచ్చును. ఈ రెంటిని వేఱుపఱుపలేని పరీక్షను నమ్మి సూదిని మానుట గాని, కొనసాగించుట గాని చీకటిలో నడకయే. క్లోమము తేఱుకొన్న సంగతి తెలియక యథాప్రకారము సూది వేయగా, పిల్లి తూలిపడి, వణకి, మూర్ఛలు వచ్చిన పిమ్మట గాని ఉపశమనము బయటపడని సందర్భములు పశువైద్యమున పలుమాఱు సంభవించినవి.

రక్తపరీక్ష చేతికందిన తరువాతను పిల్లి విషయమున చిక్కు తీఱలేదు. 1965 ప్రాంతమున డెక్స్ట్రోస్టిక్స్ పట్టీయు, 1970 ప్రాంతమున దాని రంగును కొలుచు యంత్రమును వచ్చినవి. తరువాతి దశాబ్దమున మధుమేహ రోగులు ఇంటిలోనే రక్తమును పరీక్షించుకొన మొదలిడిరి. పిల్లి స్వభావము మాత్రము వేఱు. బుట్టలో పెట్టి, వాహనమెక్కించి, కుక్కల అరపులు వినబడు వైద్యశాలకు కొనిపోగా, భయముచేతనే దాని రక్తమున చక్కెర రెట్టింపై, మధుమేహము లేని పిల్లిలో సైతము 300 మిల్లీగ్రాముల వఱకు పోవచ్చును. అచ్చట చూచిన అంకెను నమ్మి మోతాదును పెంచిన, ఇంటికి చేరి భయము తీఱిన పిల్లికి ఆ మోతాదే ముప్పగును. ఒకటి రెండు వారముల సగటు స్థితిని తెలుపు ఫ్రక్టోసమీన్ పరీక్ష 1990 తరువాత పశువైద్యమున ప్రవేశించి ఈ భ్రమను కొంత తొలగించినది; అయినను అది జరిగిపోయినదానిని చెప్పగలదు గాని నేటి ఉదయమున సూది వేయవలెనా వలదా యను సందేహమును తీర్పలేదు.

ఈ మధ్యకాలమున పిల్లి క్లోమమును గూర్చిన జ్ఞానము పెరిగెను. 1987లో ఉప్సలా శాస్త్రజ్ఞుడు పెర్ వెస్టర్‌మార్క్ సహపరిశోధకులతో గలసి, మనుష్యుల క్లోమపు కంతియందును, మధుమేహ మార్జాలముల పుటికలయందును పేరుకొను ఆమిలాయిడ్ పదార్థము ఒక్కటే మాంసకృత్తునుండి పుట్టునని నిరూపించెను. మనుష్యులకు నడివయసున వచ్చు మధుమేహమునకు పిల్లి మధుమేహము దగ్గఱి చుట్టమని దీనివలన దృఢమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖకు చెందిన నెల్సన్ ప్రభృతులు, 1989 మొదలు 1991 వఱకు తాత్కాలిక మధుమేహముతో వచ్చిన 10 పిల్లుల వృత్తాంతమును 1999లో ప్రకటించిరి. సూది అవసరము తీఱిపోయిన పిల్లులయందు సైతము క్లోమము నిర్దోషముగా లేదనియు, పుటికలలో వ్యాధిచిహ్నములు కలవనియు వారు చూపిరి. ఉపశమనమునకును నిర్మూలనమునకును గల భేదము ఇచ్చట కంటికి కనబడినది.

2000 సంవత్సరమున జూరిచ్ విశ్వవిద్యాలయపు వెస్, రాయిష్ అనువారు పిల్లి చెవి అంచునుండి సూదిమొనతో చిన్న బొట్టు రక్తమును తీసి, చేతిలో నిముడు యంత్రముతో చక్కెరను కొలుచు పద్ధతిని వర్ణించిరి. మనుష్యులు వ్రేలినుండి తీసికొను బొట్టువంటిదే యిది. కాని దీనితో కొలత వైద్యశాలనుండి ఇంటి వసారాలోనికి వచ్చినది. పిల్లి తన చోటనే, తన మనిషి ఒడిలోనే కూర్చుండి పరీక్ష చేయించుకొనుచున్నది. ఈ చిన్న మార్పును నేను ఇన్సులిన్ తరువాత మధుమేహ మార్జాలములకు కలిగిన రెండవ మహోపకారముగా భావింతును. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు జాక్వీ రాండ్, ఆమె సహచరులు దీర్ఘకాలము పనిచేయు గ్లార్జీన్ ఇన్సులిన్‌ను, పిండిపదార్థము తక్కువగా గల ఆహారమును జోడించి, 2009లో రెండు ఫలితములను వెలువరించిరి. మొదటిదానిలో, క్రొత్తగా వ్యాధి బయటపడి గ్లార్జీన్ పొందిన 8 పిల్లులకును ఉపశమనము కలిగెను. పూర్వపు ఇన్సులిన్ రకములు పొందిన వానిలో కొన్నిటికి మాత్రమే కలిగెను. రెండవదానిలో, కిర్‌స్టెన్ రూంప్ గారితో గలసి పరిశీలించిన 55 పిల్లులకు వాని యజమానులే ఇంటియందు దినమునకు పలుమాఱు రక్తము పరీక్షించి మోతాదును సవరించుచు రాగా, వానిలో 64 శాతము ఉపశమనము నందెను. రోగనిర్ణయమైన ఆఱు మాసములలో ఈ కట్టుదిట్టమైన పద్ధతిని ఆరంభించిన వానిలో 84 శాతము, ఆలస్యముగా ఆరంభించిన వానిలో 35 శాతము. ఫిలడెల్ఫియాలో 1942లో చెప్పిన మాటయే ఇది: తొలిదశలో చక్కెరను దింపవలెను. ప్రయోగశాల పంజరములో తేలిన సత్యము ఇంటి పిల్లియందు ఋజువగుటకు 67 సంవత్సరములు పట్టెను.

నేడు సూది మానుట హఠాత్తుగా జరుగు కార్యము కాదు. చక్కెర పలుదినములు సమస్థితిలో నుండగా, వైద్యుని సలహాపై మోతాదును అరయూనిట్టు వఱకు, అంతకును లోపలికి దించి, అప్పుడు మానుదురు. మానిన తొలి వారములలో రక్తమును తఱచుగా, తరువాత వారమున కొకసారి, పిదప ఇంకను ఎడముగా పరీక్షింతురు. ఇన్సులిన్ లేకయే నాలుగు వారములు నిలిచిన గాని ఉపశమనమను మాటను సాధారణముగా వైద్యులు వాడరు. భుజముల నడుమ అంటించి రెండు వారములు నిరంతరముగా చక్కెరను సూచించు పరికరములు గూడ ఇప్పుడు కలవు. మనుష్యుల కొఱకు 2014లో ఐరోపాలో వెలువడిన ఫ్రీస్టైల్ లిబ్రెను పశువైద్యులు పిల్లులకును అమర్చుచున్నారు. అయినను యంత్రముతోనే సర్వము తెలియదు. నీటిగిన్నె పూర్వముకంటె త్వరగా ఖాళీ యగుచున్నదా, ఇసుకపళ్లెములో తడి యెక్కువయైనదా, తిండి తినుచునే పిల్లి చిక్కుచున్నదా యని దినదినము చూచు కన్ను కావలెను. తూకమును వ్రాసియుంచు చేయి కావలెను. స్టెరాయిడ్ మందులు, పంటిచిగుళ్ల వ్యాధులు, మూత్రకోశపు అంటు, స్థూలత్వము తేఱుకొన్న క్లోమముపై మఱల భారము మోపును గనుక, వేఱొక జబ్బుకు మందు వ్రాయు వైద్యునికి పూర్వపు మధుమేహమును తప్పక ఎఱిగింపవలెను.

ఉపశమనమందిన పిల్లులలో నాలుగింట ఒకదానికి, కొన్ని పరిశీలనలలో మూడింట ఒకదానికి వ్యాధి తిరుగబెట్టినది. 2015లో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు ఉపశమనమున నున్న పిల్లులకు గ్లూకోజు నిచ్చి చూడగా, పైకి స్వస్థముగా గనబడు వానిలో అధికసంఖ్యాకములకు దానిని త్వరగా వినియోగించుకొను శక్తి లేదని తేలెను. అట్టివాని యజమానులు దప్పిక హెచ్చువఱకు వేచియుండక, చక్కెర మెల్లగా పెరుగుచున్నట్లు కనబడినంతనే వైద్యుని చూచి సూదిని మఱల మొదలిడవలెను. ఆలస్యము చేయని పిల్లులలో కొన్నింటికి రెండవమాఱును ఉపశమనము కలుగును, కాని మొదటిదానికంటె అది దుర్లభము. ఫ్లోరిజిన్ వంశమునకు చెందినదై నోటిద్వారా ఇచ్చు బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు అమెరికా ప్రభుత్వము 2022 డిసెంబరులో పిల్లుల కొఱకు అనుమతి నిచ్చినది. అయితే అది పూర్వము ఇన్సులిన్ పొందని పిల్లులకే విధింపబడినది, దానిని వాడునపుడు చక్కెర సమస్థితిలో నున్నను రక్తము ఆమ్లదూషితము కావచ్చును గనుక కీటోనులను గూడ పరీక్షింపవలెను. ఒకసారి సూది పట్టి మానిన పిల్లికి వ్యాధి తిరుగబెట్టినచో, నేటికిని ఇన్సులిన్, పథ్యము, చెవి అంచున రక్తపు బొట్టు, ఈ మూడే శరణ్యము.