ఎర్ర అంకెల మీటరు

జగిత్యాలలో మా నాన్న ఎస్టీడీ బూత్ నడిపేవాడు. గల్ఫ్‌కు పోయిన కొడుకుతో మాట్లాడే తల్లుల చూపంతా మీటరు మీద పరుగెత్తే ఎర్ర అంకెల మీదే ఉండేది. "తిన్నవా బిడ్డా, పైలం" అని ఫోన్ పెట్టేసేవారు. మిగిలిన మాటలు క్యాసెట్‌లో రికార్డు చేసి, సెలవుకొచ్చి తిరిగిపోయేవాళ్ల చేతికిచ్చేవారు.

విదేశీ కాల్స్ మీద టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం 2002 మార్చి 31తో ముగిసింది. మర్నాటి నుంచే మన దేశంలో ఇంటర్నెట్ ఫోనుకు అనుమతి దొరికింది. గొంతును చిన్న చిన్న డేటా ప్యాకెట్లుగా మార్చి నెట్ దారిన పంపుతారు కనుక, దూరాన్ని బట్టి నిమిషానికి ఇంత అనే లెక్క పోయింది. 2003లో స్కైప్ వచ్చింది. మా బూత్‌కు వచ్చే తల్లులు నెట్ సెంటర్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు.

అయితే అవతలి దేశం కూడా ఒప్పుకోవాలి. సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్‌పై నిషేధం ఎత్తేసింది 2017 సెప్టెంబరులోనే. అన్నాళ్లూ అక్కడి మనవాళ్లు ఇంటికి చేసే కాల్‌కు చెమటోడ్చిన డబ్బు పోశారు.

నాన్న బూత్ మూతపడింది. అందుకు నాకు బాధ లేదు. ఆ తల్లుల మాట ఇప్పుడు సగంలో ఆగడం లేదు. మీవాళ్లు దూరదేశంలో ఉంటే, ఇవాళే తీరిగ్గా మాట్లాడండి.