సంగీతకారుల రాయల్టీ

పాటను వాణిజ్యపరంగా వినిపించినప్పుడు దాన్ని రాసినవారికి, బాణీ కట్టినవారికి, పాడినవారికి చెందే వాటా రాయల్టీ. క్యాసెట్లు, సీడీలు పోయి స్ట్రీమింగ్ వచ్చాక సంగీతకారుల ఆదాయానికి సంబంధించిన చర్చంతా దీని చుట్టూనే తిరుగుతోంది.

సాహిత్యం, బాణీ, రికార్డింగు వేటికవే హక్కులున్న ఆస్తులు. భారతీయ సినిమా రంగంలో చాలాకాలం గీత రచయితకూ సంగీత దర్శకుడికీ గంపగుత్తగా పారితోషికం ఇచ్చి, ఈ హక్కులన్నీ నిర్మాతే రాయించుకునేవారు. ఆయన వాటిని ఆడియో కంపెనీకి అమ్మేవారు. వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి పాట చేయించుకున్న నిర్మాతే తొలి యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తేల్చడంతో సృష్టికర్తల పరిస్థితి మరింత దిగజారింది. పాట ఎన్నేళ్లు మోగినా వారికి దక్కింది మొదట ముట్టిన సొమ్మే.

2012 నాటి కాపీరైట్ చట్ట సవరణ ఈ అన్యాయాన్ని కొంత సరిదిద్దింది. రాజ్యసభలో హిందీ సినీ గీత రచయిత జావేద్ అఖ్తర్ దీనికోసం గట్టిగా వాదించారు. థియేటర్‌లో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప, మిగతా వినియోగాల మీద రచయితకూ స్వరకర్తకూ, హక్కులు రాయించుకున్నవారితో సమానంగా వాటా దక్కాలి. వారసులకో, రాయల్టీలు వసూలు చేసి పంచే కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ ఆ వాటాను రాసివ్వడం కుదరదు, ఇచ్చినా చెల్లదు. గాయకులకూ ప్రదర్శకులుగా రాయల్టీ హక్కు వచ్చింది. దాని వసూలుకు 2013లో గాయకుల సంఘం ఏర్పడింది.

హక్కు ఉన్నా చేతికందేది ఎంత అన్నది స్ట్రీమింగ్ లెక్కను బట్టి ఉంటుంది. ఎక్కువ సంస్థలు చందాలు, ప్రకటనల ఆదాయాన్ని ఒకేచోట కలిపి, మొత్తం వినికిడిలో ఏ పాటది ఎంత శాతమో చూసి పంచుతాయి. ఒక శ్రోత నెలంతా ఒకే గాయనిని విన్నా అతని చందా నేరుగా ఆమెకు చేరదు. స్పాటిఫై 2024 నుంచి, గత 12 నెలల్లో 1,000 సార్లయినా వినని పాటకు రికార్డింగు రాయల్టీ ఇవ్వడం లేదు. కొత్తవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. ప్రతి శ్రోత సొమ్మునూ అతను విన్నవారికే పంచే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో మొదలుపెట్టింది. న్యాయంగా చూస్తే అదే మేలు.

యూట్యూబ్ దారి వేరు. సినిమా పాటను సొంత గొంతుతో పాడి పెట్టినా, ప్రకటనల ఆదాయాన్ని హక్కుదారైన కంపెనీ తీసుకోగలదు. తెలంగాణ జానపదాలకు అక్కడ గొప్ప ఆదరణ దొరికింది. అయితే కర్త తెలియని పల్లెపాటకు రచనా రాయల్టీ ఉండదు, రికార్డింగు మీది ఆదాయం దాన్ని తీయించిన ఛానెల్‌కు పోతుంది. తరతరాలుగా ఆ పాటను కాపాడుకొచ్చిన ఊరికి ఏమీ మిగలదు.

అందరికన్నా నష్టపోయేది వాద్యకారులు. చట్టం వారినీ ప్రదర్శకులుగానే గుర్తించింది. కానీ సినిమాలో వారి ప్రదర్శన అప్రధానమైనదిగా ఉండి, టైటిల్స్‌లో పేరు కూడా లేకపోతే రాయల్టీ అడిగే వీలుండదు. అందుకే వయొలిన్, వేణువు, తబలా వాయించే చాలామందికి కాల్‌షీట్ డబ్బు, కచేరీలు, పెళ్లిళ్లు, అమెరికాలోని తెలుగు పిల్లలకు వీడియో కాల్‌లో చెప్పే పాఠాలే నేటికీ ఆధారం.