ఓడకు వార్ధక్యం

మా చీమకుర్తి గనుల్లో పెకలించే నల్లరాతి వయస్సు కోట్ల సంవత్సరాల లెక్క. అటువంటి ఊరివాడినైన నాకు, ముప్ఫై ఏళ్ళకే ముసలిదైపోయే ఓడ సంగతి వింతగా తోచడం సహజమే. అలాగని ఓడలు మా ప్రాంతానికి కొత్తవి కావు. మా తీరపు మోటుపల్లి (నేటి బాపట్ల జిల్లా) ఒకప్పుడు గొప్ప రేవు. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు దారితప్పి పగిలిన ఓడల సరుకును పూర్వరాజులు బలవంతంగా లాగుకొనేవారనీ, తాను నియమిత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ప్రకటించాడు.

ఆనాటి ఓడకు తుఫాను మృత్యువు. ఈనాటి విహారనౌకకు మృత్యువు తరచు జమాఖర్చుల పుస్తకంలోంచి వస్తుంది. అతిశయోక్తి అనిపిస్తే, 1990లో సముద్రంలోకి వచ్చిన రెండు నౌకలను చూడండి.

మొదటిది ఇటలీలో తయారైన క్రౌన్ ప్రిన్సెస్. యజమానులు మారినప్పుడల్లా పేర్లు మార్చుకుంటూ, 2019లో 'కర్ణిక'గా ముంబయి చేరింది. 2020లో కరోనా వల్ల విహారయాత్రలు ఆగాయి, కంపెనీ మూతపడింది. ఆ నవంబరులోనే నౌక గుజరాత్‌లోని అలంగ్ తీరానికి చేరింది, తుక్కుగా మారడానికి. రెండవది ఫ్రాన్సులో పుట్టిన నార్డిక్ ఎంప్రెస్. అదీ పేర్లు మార్చుకుంటూ వచ్చి, 2021 నుండి కార్డీలియా కంపెనీ 'ఎంప్రెస్'గా మన దేశంలో తిరిగింది. 2022 జూన్‌లో విశాఖ రేవుకూ వచ్చింది. ఇద్దరిదీ ఒకే ఈడు. ఒకరికి కాటిదారి, మరొకరికి స్వాగతతోరణం!

మరి ఓడ నిజంగా ముసలిదయ్యేది ఎప్పుడు? ఉప్పునీరు ఉక్కును తింటుంది. గొట్టాలు, తీగలు, యంత్రాలు అరుగుతాయి. అయిదేళ్ళకొకమారు జరిగే పెద్ద తనిఖీలో రేకుల మందం కొలిచి, పలచబడినవి మార్చమంటారు. వయస్సు పెరిగేకొద్దీ ఆ మరమ్మతుల ఖర్చు పెరుగుతుంది. ఇంతలో బాల్కనీ గదులున్న కొత్త నౌకలు వచ్చి టిక్కెట్లు ఎగరేసుకుపోతాయి. నిబంధనలూ ఊరుకోవు. తేలికగా అంటుకొనే సామగ్రితో నిర్మించిన ప్రయాణికుల ఓడలు అంతర్జాతీయ యాత్రలు చేయరాదన్న నియమం 2010 అక్టోబరు 1న అమలులోకి వచ్చి, చెక్కపనితనం గల అందమైన పాత ఓడలెన్నింటికో చివరి ఘడియ అయింది.

అవసరముంటే మాత్రం ముసలి ఓడ కూడా పరుగెత్తుతుంది. 1926లో గ్లాస్గోలో నిర్మించిన 'రజుల' మద్రాసు, నాగపట్టణం, పెనాంగ్, సింగపూర్‌ల మధ్య దశాబ్దాలపాటు దక్షిణాది వలసజనాన్ని మోసింది. ఒక దశలో అయిదువేలకు పైగా డెక్కు ప్రయాణికులకు దానికి అనుమతి ఉండేది. నలభై ఏడేళ్ళ వయస్సులో, 1973లో, షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా దానిని కొని 'రంగత్' అని పేరుపెట్టింది. అటుపై అనతికాలంలోనే అదీ తుక్కయింది. ఆ దారిలో తర్వాత నడిచిన 'చిదంబరం' 1966లో పుట్టినది. 1985 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదానికి గురై, మరల ప్రయాణికులను ఎక్కించుకోలేదు. చిన్నది చిన్న వయస్సులోనే పోయింది, పెద్దది నిండుగా బ్రతికింది.

అలంగ్‌లో 1983 నుండి ఓడలను విడగొడుతున్నారు. పెద్దపోటు వేళ ఓడ తన యంత్రబలంతోనే ఒడ్డెక్కి, ఆటులో బురదమీద నిలిచిపోతుంది. ఆపై ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుండి వచ్చిన కూలీలు దానిని ముక్కలు చేస్తారు. ఆస్బెస్టాస్ ధూళి, గ్యాసుమంటలు, పైనుండి కూలే రేకులు, ఇవన్నీ వారి పాలు. ఓడల విచ్ఛేదనపై మన దేశం 2019లో చట్టం చేసింది. హాంకాంగ్ ఒప్పందం 2025 జూన్ 26న అమలులోకి వచ్చింది. కాగితం మీది ఆ రక్షణ బురదలో నిలబడ్డ కూలీ దాకా చేరాలి.

నన్ను బాధించేది మరొకటి. గణపతిదేవుని మాట రాతిమీద ఉన్నది కనుక దాదాపు ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది. మనవారిని రంగూనుకూ మలయాకూ చేర్చిన ఓడలు కరిగి, ఎవరి ఇంటి స్లాబులోనో కడ్డీలై కూర్చున్నాయి. వాటి పేర్లు ఆ ప్రయాణాలు చేసిన వృద్ధుల నోట మాత్రమే మిగిలాయి. మిత్రులారా, మీ ఇంట అటువంటి పెద్దలెవరైనా ఉంటే, ఏ ఓడ ఎక్కారో, డెక్కు మీద ఎన్నాళ్ళు గడిపారో అడిగి వ్రాసిపెట్టండి. ఇనుము తుక్కుకు పోయినా, పేరు పోకూడదు.