సభ యెదుట వికలాంగుడు



అంగవైకల్యముచే జీవనోపాధిని కోల్పోయినవానిని రాజ్యము పోషింపవలెనను ధర్మము మన దేశమునకు క్రొత్త గాదు. బాలురను, వృద్ధులను, ఆపదలో నున్నవారిని, అనాథలను రాజు భరింపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించియున్నాడు. కాని, ఇచ్చుట యొక సంగతి. ఎవని కీయవలెనో నిర్ణయించుట వేఱొక సంగతి. చిక్కంతయు ఈ రెండవదానిలోనే యున్నది. అడుగవచ్చినవాడు నిజముగా అశక్తుడా, కాడా యని తేల్చుటకై వానిని పిలిపించి, యెదుట నిలువబెట్టి చూచు నాచారము పూర్వమెట్లుండెనో, ఇప్పుడెట్లున్నదో ఈ పూట మీకు విన్నవింపదలచినాను.

ఈ విషయమున మిక్కిలి వివరమైన ప్రాచీన సాక్ష్యము గ్రీసు దేశమునందలి ఏథెన్సు నగరమునకు జెందినది. యుద్ధమున అవయవములు పోగొట్టుకొన్నవారిని ప్రజాధనముతో పోషించు శాసనమును పిసిస్ట్రాటసు చేసెనని ప్లూటార్కు వ్రాసినాడు. అంతకు మునుపే సోలను ఒకానొకని విషయమున అట్టి నిర్ణయము చేయించెననియు, పిసిస్ట్రాటసు దానినే యనుకరించెననియు మఱియొకరి మాటగా చెప్పినాడు. కాలక్రమమున ఈ యుపకారము యోధులకే గాక తక్కిన యశక్తులకును వ్యాపించినది. అరిస్టాటిలు పేర వెలసిన ఏథెన్సు రాజ్యాంగ గ్రంథమొకటి గలదు. శతాబ్దములపాటు కనుమరుగైయుండి, ఈజిప్టులో దొరకిన పపైరసు చుట్టలనుండి 1891లో అచ్చయినది. అందీ చట్టము స్పష్టముగా నున్నది. మూడు మినాలకు లోబడిన యాస్తి మాత్రమే కలిగి, ఏ పనియు చేసికొనజాలని శరీరవైకల్యము గలవారిని సభ పరీక్షింపవలెను. యోగ్యులని తేలినవారికి దినమునకు రెండు ఒబోలులు ఇప్పింపవలెను. ఒక ద్రక్మాకు ఆఱు ఒబోలులు, ఒక మినాకు నూఱు ద్రక్మాలు. న్యాయసభలో కూర్చుండి తీర్పు చెప్పిన పౌరునకు దినబత్తెము మూడు ఒబోలులు. దీనిని బట్టి వికలాంగుని రెండు ఒబోలుల విలువ మీరే గ్రహింపగలరు.

ఇచ్చట నొక విశేషము గమనింపుడు. పరీక్షించు సభలో అయిదువందలమంది సభ్యులు. పది తెగలనుండి తెగకు ఏబదిమంది చొప్పున చీట్లు వేసి యెన్నుకొనబడిన సామాన్య పౌరులు వీరు. వైద్యులు గారు. నిన్నటివఱకు చేను దున్నినవాడో, కుండలు చేసినవాడో ఈ యేడు సభ్యుడై కూర్చుండి, ఎదుట నిలిచినవాని కాలును, చేతిని, కన్నును చూచి తీర్పు చెప్పవలెను. ఏ పౌరుడైనను లేచి, ‘వీడు అశక్తుడు గాడు, వీని భృతి నిలుపుడు’ అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ వచ్చినచో వికలాంగుడు తన పక్షమున తానే మాటలాడుకొనవలెను.

అట్లు మాటలాడిన యొకని ప్రసంగము మనకు మిగిలినది. దానిని వ్రాసియిచ్చినవాడు లీసియాసు. ఆ కాలమున వాదప్రతివాదులు స్వయముగా మాటలాడవలసియుండుటచే, రూకలు తీసికొని ప్రసంగములు వ్రాసియిచ్చు వృత్తి యొకటి ఏర్పడియుండెను. అందు లీసియాసు సిద్ధహస్తుడు. వాని తండ్రి సిరక్యూసునుండి వచ్చి స్థిరపడినవాడు, క్రీ. పూ. 404లో అధికారమునకు వచ్చిన ముప్పదిమంది దొరతనమువారు వాని యన్నను చంపిరి, ఆస్తి దోచిరి. ఇక ఈ ప్రసంగము చేసిన వికలాంగుని పేరు మాత్రము ఎచ్చటను లేదు. భృతి దినమునకు ఒక్క ఒబోలు. దానిని నిలుపవలెనని యొక పౌరుడు సభలో ఆక్షేపించినాడు. ఇంత యల్పధనమునకై లీసియాసంతటివాడు కలము పట్టునా యని కొందఱు పండితులు సందేహించి, ఇది వినోదార్థము కల్పించినదనిరి. నాకు మాత్రము ఆ సందేహము కలుగదు. ఒక్క ఒబోలు పోయినచో పస్తుండవలసినవాని భయము దాని ప్రతి వాక్యమునందును వినవచ్చుచున్నది. ఆ భయమును నవ్వుతో కప్పుకొనుట పేదవానికి వెన్నతో బెట్టిన విద్య.

ఆక్షేపించినవాని వాదములు ముఖ్యముగా మూడు. వీడు గుఱ్ఱమెక్కుచున్నాడు గనుక దేహమున బలమున్నది. వీనికొక చేతిపని యున్నది గనుక భృతి లేకయు బ్రదుకగలడు. వీని యంగడికి తుంటరులు చేరుచున్నారు గనుక వీడును దుర్మార్గుడే. మొదటిదానికి వికలాంగుని సమాధానము వినుడు. ధనమే యున్నచో మెత్తని జీను వేసిన కంచరగాడిదపై సుఖముగా పోయెడివాడను. అది కొనలేక, దూరము పోవలసినపుడు ఒరుల గుఱ్ఱములను అడిగి యెక్కుచున్నాను. నేను కంచరగాడిదపై పోవుట జూచినచో ఈతడు నోరు మెదపకుండెడివాడు. ఎరువు గుఱ్ఱమెక్కితినని నన్ను బలవంతుని జేయుచున్నాడు. తక్కినవారు ఒక కఱ్ఱతో నడచుచుండగా నేను రెండు కఱ్ఱలతో నడచుచున్నాను. అదియును నా బలమునకు నిదర్శనమని యేల వాదింపడు? గుఱ్ఱమునకును కఱ్ఱకును ప్రయోజన మొక్కటియే గదా!

చేతిపనినిగూర్చి చెప్పునపుడు స్వరము మారును. తండ్రి యేమియు విడిచిపోలేదు. తల్లిని పోషించుచుంటిని, ఆమె మరణించి మూడవయేడు నడచుచున్నది. నన్నాదుకొనుటకు బిడ్డలింకను లేరు. నా పనిని నేను కష్టముతో చేయుచున్నాను, దానినందుకొనుటకు బానిసను కొనలేకున్నాను. మూడవదానికి మరల హాస్యమే. ఏథెన్సువారందఱును ఎచ్చటికో యొక యంగడికి పోవువారే. ఒకడు అత్తరులమ్మువాని కడకు, ఒకడు మంగలి కడకు, ఒకడు చెప్పులు కుట్టువాని కడకు పోవును. అంగడివీధికి దగ్గరనున్నవాని యొద్దకు నలుగురెక్కువగా చేరుదురు. నా యొద్దకు వచ్చువారు దుష్టులైనచో అందఱు దుకాణదారుల గిరాకియు దుష్టులే గావలెను. నేను సర్వావయవసంపన్నుడనని మీరు తీర్పు చెప్పినచో, తొమ్మండుగురు అధికారుల పదవికి నా చీటియు వేయుడు. నా ఒబోలు ఈతనికి అశక్తుడని ఇండు!

నవ్వులాటవలె కనబడుచున్నను ఈ తుది మాటలో న్యాయమున్నది. భృతి నిరాకరించునపుడు మాత్రము వికలాంగుడు సమర్థుడగును. పదవులు పంచునపుడు మరల అశక్తుడగును. రెండును ఒకే దేహమున ఎట్లు పొసగును? సభ యేమి తీర్పు చెప్పినదో ఆ గ్రంథమున లేదు.

ఎదుటికి రానివాని గతి యేమగునో తెలుపు సాక్ష్యమును ఏథెన్సుననే గలదు. క్రీ. పూ. 4వ శతాబ్దిలో ఈస్కినీసను వక్త తిమార్కసను రాజకీయ విరోధిని దూషించుచు నొక సంగతి చెప్పినాడు. తిమార్కసు పినతండ్రి అరిగ్నోటసు గ్రుడ్డివాడు. అన్నగారి యింట పోషింపబడుచుండిన యా వృద్ధుడు, ఆస్తి యన్నకొడుకు చేతికి వచ్చిన పిమ్మట దిక్కులేనివాడై అశక్తుల భృతికి చేరినాడు. ఒక పర్యాయము పరీక్ష జరుగునప్పటికి ఆతడు రాలేదు. పేరు విడిచివేసిరి. శరణార్థులు పట్టు కొమ్మను సభ ముందుంచి వేడుకొన్నను, ఆనాడు అధ్యక్షవర్గమున కూర్చున్న తిమార్కసు పినతండ్రికై యొక్క మాటయైన చెప్పక, సంవత్సరమున పదియవ పాలగు ఆ విడత భృతిని పోనిచ్చినాడట. విరోధి చెప్పిన మాట గనుక కొంత పెంపుండవచ్చును. కాని, పరీక్షనాడు హాజరు గానివానికి ఆ విడత సొమ్ము లేదను నియమము కల్పన కానేరదు. వినువారందఱు ఆ నియమమెఱిగినవారే.

మధ్యయుగములను నేను విడిచిపెట్టుచున్నాను. ఆధునిక కాలమున ఈ పరీక్షకు క్రొత్త రూపమిచ్చినవి యుద్ధములు. ప్రథమ ప్రపంచ సంగ్రామమున బ్రిటిషు ప్రభుత్వము 1916లో పింఛనులకై ప్రత్యేక మంత్రిత్వశాఖ నేర్పఱచినది. వైద్యుల బోర్డు సిపాయిని చూచి, దేహనష్టమును నూటికింత యని లెక్కకట్టవలెను. రెండవయవములు పోయినచో నూటికి నూఱు. కుడిచేతికి ఎడమచేతికంటె ధర యెక్కువ. మన దేశమున 1923 నాటి పనివారల నష్టపరిహారపు చట్టమునందును ఇట్టి పట్టికయే చేరినది. మోచేతికి పైన కుడిచేయి పోయినచో 70 పాళ్లు, ఎడమచేయియైనచో 60. ఎడమచేతివాటము గల కూలివాడు ఎక్కడికి పోవలెనో ఆ పట్టికలో లేదు! తరువాతి సవరణలలో ఆ కుడియెడమల భేదము తొలగినది. మొత్తముమీద అయిదువందలమంది కన్నులకు బదులు వైద్యుని కన్ను వచ్చినది. ‘అవును, కాదు’ అను మాటలకు బదులు అంకె వచ్చినది.

బ్రిటనులో ఈ యంకెల విద్య మఱింత ముదిరినది. 2008లో పని చేయగల శక్తికి క్రొత్త పరీక్ష పెట్టిరి. పదునైదు గుణములు వచ్చినవాడే అశక్తుడు. అరలీటరు పాలడబ్బా నెత్తి కదల్పగలడా, ఒక పౌను నాణెమును వ్రేళ్లతో తీయగలడా, చొక్కాయి పై జేబులో ఏదేని పెట్టుకొనునట్లు చేయి పైకెత్తగలడా — ఇట్టివి ప్రశ్నలు. 2013లో జీవనసహాయపు భృతికిని వేఱొక పరీక్ష వచ్చినది. అంతకు మున్నున్న భృతి నడకకు ఏబది మీటర్లు కొలతగా నుండగా, ఇందు పైస్థాయి భృతికి ఇరువది మీటర్లకు దించిరి. పరీక్షించువారు రోగి నెఱిగిన వైద్యులు గారు. ప్రభుత్వముతో ఒప్పందము గల సంస్థల యుద్యోగులు. రోగి కుర్చీలో ఎంతసేపు కూర్చుండెను, వేచియుండు గదినుండి ఎట్లు నడచివచ్చెను అనునవియు వారు వ్రాసికొందురు. ఏథెన్సు ఆక్షేపకుడు గుఱ్ఱమును చూచినట్లే వీరును చూచిరి! పై విచారణకు పోయినవారిలో సగమునకు మించి గెలిచిరని అచ్చటి ప్రభుత్వ లెక్కలే తెలిపినవి. పనిశక్తి పరీక్షలు జరుపుచుండిన ఏటోసు సంస్థ గడువునకు ముందే తప్పుకొనుచున్నదని 2014లో ప్రకటింపగా, 2015లో మాక్సిమసు సంస్థ ఆ పనికి వచ్చినది. 2020 మార్చిలో మహమ్మారి రాగా ఎదుటి పరీక్షలు నిలిచి, టెలిఫోను మీదను కాగితముల మీదను నిర్ణయములు సాగినవి. 2021లో మెల్లగా మరల తెఱచిరి.

కాగితమే మేలని యనువారున్నారు. నేనట్లనజాలను. వ్రాయుట రానివాడు, వ్రాయించుకొన సొమ్ము లేనివాడు కాగితమున ఎప్పుడును ఓడిపోవును. మనిషిని మనిషి చూచినప్పుడు గాని తెలియని బాధలు కొన్ని గలవు. అయితే, ఒక నిమిషము చూచి యేడాది బ్రదుకును తూచుట యెట్లు?

నా పూర్వవిద్యార్థి యొకడు, చేనేత పనివాడు, చిన్ననాట వచ్చిన పోలియోచే ఒక కాలు సన్నబడినవాడు. ఒకమారు వాని వెంట ఒక వైద్య శిబిరమునకు పోయితిని. అచ్చట వాని యూరివారు పదిమంది వరుసలో నున్నారు. అందు వానికి కాబోవు వియ్యంకుడొకడు. వైద్యుడు నడువుమనగా, మావాడు మోకాలిపై చేయి వేసికొనక, పండ్లు బిగించి, ఇంట ఎన్నడును నడువనంత చక్కగా నాలుగడుగులు నడచినాడు. నలువదికి కొంచెము తక్కువగా అంకె పడినది. మఱుసటి యేడు మఱియొక బోర్డు అదే కాలిని చూచి నలువదికి మించి వ్రాసినది. కాలు మాఱలేదు, ఆనాడు వరుసలో వియ్యంకుడు లేడు.

నలువది యను నీ గీత మన చట్టములోనిది. 1995 నాటి వికలాంగుల చట్టము నూటికి 40 పాళ్లకు తగ్గని వైకల్యమును ప్రమాణముగా గైకొన్నది. 2016 నాటి చట్టము వైకల్యముల రకములను 21కి పెంచినను నలువదిని అట్లే యుంచినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సదరము శిబిరములు వచ్చి, వైద్యుడు కొలిచిన కొలతలను కంప్యూటరులో వేసి శాతము కట్టు పద్ధతి నెలకొన్నది. 2014 విభజన పిమ్మట రెండు రాష్ట్రములును దానిని కొనసాగించినవి. తెలంగాణమున 2023లో వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలైనది. ఆంధ్రప్రదేశమున 2024లో 6,000, మంచము పట్టినవారికి 15,000 అయినది. సొమ్ము పెరిగిన కొలది అనర్హులున్నారను మాటయు పెరిగినది. అది పూర్తిగా అబద్ధమనియు అనరాదు. దొంగ పత్రములు పుట్టించువారు ఎల్లకాలములందు గలరు.

2025 మొదట ఆంధ్రప్రదేశమున పునఃపరిశీలన ఆరంభమైనది. మొదటి విడతలో 15,000 రూపాయలవారి యిండ్లకు వైద్యబృందములు పోయినవి. మంచము పట్టినవానిని శిబిరమునకు రమ్మనక, వైద్యుడే మంచము కడకు పోవుట ఈ కథలో నాకు నచ్చిన ఘట్టము. వాడు పడుకొను చాప, వాని నెత్తి త్రిప్పు భార్య, గడప ఎత్తు, మరుగుదొడ్డి దూరము — ఇవియన్నియు అచ్చట కనబడును. తక్కినవారు మాత్రము మునుపటివలెనే నోటీసులో వ్రాసిన తేదీకి ఆసుపత్రికి పోవలెను. పోవుటకు ఆటో బాడుగ తామే పెట్టుకొనవలెను. తోడు వచ్చినవాని ఆనాటి కూలి పోవును.