మరిడమ్మ జాతరలో డప్పు

కాకినాడ జిల్లా పెద్దాపురంలో జ్యేష్ఠ బహుళ అమావాస్య నాడు మొదలై ఆషాఢమంతా సాగే 37 రోజుల మరిడమ్మ జాతర చరిత్రను ఆలయ నిర్మాణంతోనో, ఆ సీమను ఏలిన వత్సవాయ ప్రభువుల వంశావళితోనో మొదలుపెట్టడం వాడుక. జాతరను తరతరాలుగా నడిపించిన డప్పు మాత్రం ఆ కథనాల్లో నేపథ్య ధ్వనిగానే మిగిలిపోయింది. రోగానికీ దేవతకూ ఊరికీ మధ్య డప్పు చేసిన పనిని పక్కన పెడితే, ఈ జాతర వేడుకగా తప్ప వైద్యాచారంగా కనిపించదు.

మరిడి అని కోస్తా పల్లెలు పిలిచింది వాంతులతో, విరేచనాలతో గంటల వ్యవధిలో మనిషిని పడగొట్టే కలరాను; దానిని తెచ్చేదీ, తీసుకుపోయేదీ ఒకే తల్లి అన్నది గ్రామదేవతారాధనకు మూలమైన నమ్మకం. పెద్దాపురంలోని మానోజీ చెరువు గట్టున పశువుల కాపరులకు దేవత కనిపించి, తాను చింతపల్లివారి ఆడపడుచునని చెప్పిందని స్థలకథ చెబుతుంది. 1817లో బెంగాల్‌లోని జెస్సోర్ ప్రాంతంలో చెలరేగిన కలరా, ఆ తరువాత శతాబ్దం పొడవునా మద్రాసు ప్రెసిడెన్సీని మళ్లీ మళ్లీ చుట్టుముట్టింది. తొలకరికి చెరువుల్లోకీ కాలువల్లోకీ కొత్తనీరు చేరి కడుపు జబ్బులు పెచ్చుమీరే రోజుల్లోనే జాతర రావడాన్ని కేవలం యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం. రాబర్ట్ కాక్ 1884లో కలరా సూక్ష్మజీవిని కలకత్తాలోని ఒక చెరువు నీటిలోనూ గుర్తించాడు.

డప్పు గుండ్రని చెక్క చట్రానికి ఒక వైపు మాత్రమే తోలు బిగించిన వాద్యం. కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండే సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల పట్టుకొని దీనిని వాయిస్తారు. గాలిలో తేమ ఎక్కువైతే తోలు వదులై నాదం మందగిస్తుంది కనుక, గడ్డి మంట వేసి దానిపై డప్పును కాచి మళ్లీ బిగువు తెచ్చుకోవాలి. వానకాలంలో జరిగే జాతరకు ఈ మంట అడుగడుగునా అవసరమే. జాతర చాటింపు మొదలుకొని, తలపై గరగను, అంటే పడగలతో అలంకరించిన దేవతా ఘటాన్ని, ఎత్తుకొని ఆడే గరగ నృత్యం వరకు ప్రతి ఘట్టానికీ ఒక దరువు ఉంటుంది. దరువు వేగం హెచ్చుతున్న కొద్దీ దేవత ఒంటిమీదికి వచ్చే వ్యక్తికి, అంటే గణాచారికి, పూనకం మొదలవుతుంది. ఊరికి వచ్చిన కష్టానికి కారణమేమిటో, తీరే దారి ఏమిటో ఆ నోటినుంచే వినాలన్నది ఆచారం. తెలుగు గ్రామాల్లో అంటురోగం ముదిరినప్పుడు బలి రక్తం కలిపిన అన్నాన్ని, అంటే పొలిని, ఊరి చుట్టూ చల్లుతూ దేవతను పొలిమేర దాటించే ఊరేగింపులోనూ వాద్యం తప్పనిసరి. ఆ తల్లి పక్క ఊరికి చేరితే అక్కడివారు ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ వైద్యంలో జవాబు లేదు.

రోగాన్ని వాద్యంతో ఎదుర్కొనే ఆచారం తెలుగు నేలకు మాత్రమే పరిమితం కాదు. నేపాల్‌లో రోగికోసం దేవతలను, పితరులను పిలిచే ఝాంక్రి అనే మాంత్రిక వైద్యుడు ఢ్యాంగ్రో అనే వాద్యాన్ని తానే వాయిస్తాడు. రెండు వైపులా తోలు బిగించి, చెక్కడపు పనితనం ఉన్న పిడి అమర్చిన ఆ వాద్యాన్ని వంపు తిరిగిన పుల్లతో కొడతారు. మగర్ తెగ మాంత్రికుల వాద్యాలను దశాబ్దాల పాటు పరిశీలించిన మైకేల్ ఒపిట్జ్ 2013లో హిమాలయ వాద్యాలపై బృహద్గ్రంథం వెలువరించాడు. సంగీతానికీ పూనకానికీ ఉన్న సంబంధాన్ని చర్చిస్తూ 1980లో గ్రంథం రాసిన ఫ్రెంచి పండితుడు జిల్బెర్ రూజె, తన సంగీతాన్ని తానే సృష్టించుకొనే మాంత్రికునికీ, ఇతరుల సంగీతానికి లోనయ్యే పూనకపు మనిషికీ మధ్య గీత గీశాడు. దరువు మెదడు తరంగాలను యాంత్రికంగా లొంగదీస్తుందన్న సిద్ధాంతాన్ని ఆయన అంగీకరించలేదు. పెద్దాపురం రెండో పద్ధతికి చెందుతుంది. కుమావూ, గఢ్వాల్ కొండల్లోని జాగర్ ఆచారంలోనూ హుడ్కా వాయిస్తూ దేవత కథ పాడే జగరియా ఒకరైతే, దేవత పూనే డంగరియా మరొకరు కనుక, ఈ తేడాను కొండకూ మైదానానికీ మధ్య తేడాగా చూడడం పొరపాటు.

వాయించే చేయీ పూనే ఒళ్లూ వేరైన చోట, ఆ చేయి ఎవరిదన్నది సామాజిక ప్రశ్న అవుతుంది. తెలుగు సీమలో తోలుపని, డప్పు వాద్యం ప్రధానంగా మాదిగ కుటుంబాలకు అప్పగించిన పనులు. బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ 1915లో, మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రచురించిన గ్రంథాల్లో తెలుగు గ్రామదేవతల కొలువులు విస్తారంగా వర్ణితమయ్యాయి. వారి దృష్టి ఎక్కువగా జంతుబలిపై నిలిచినా, ఊరి వెలుపల ఉంచిన కులాలవారు లేనిదే ఆ క్రతువులు సాగవన్న సంగతి ఆ వర్ణనల్లోనే బయటపడుతుంది. దేవతను ఊళ్లోకి పిలిచే అధికారం ఉన్న చేతికి ఊళ్లో ఇల్లు కట్టుకొనే హక్కు లేకపోయింది. పైగా అదే డప్పును చావు ఊరేగింపుల్లో వాయించడాన్ని చూపి వాద్యకారుణ్ణి అంటరానివాడన్నారు. ఇది ఆచారంలోని అమాయకమైన వైరుధ్యం కాదు, శ్రమను వాడుకొని మనిషిని దూరం పెట్టే ఏర్పాటు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం డప్పును హక్కుల సభలకు తీసుకువచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు ఇస్తున్న పింఛను 2024లో నెలకు 4000 రూపాయలకు పెరిగింది. రక్షిత నీరు, మందులు, టీకాలు వచ్చాక మరిడమ్మ దగ్గర కలరా భయంతో మొక్కుకొనేవారు అరుదు. జాతర వీధివారీ సంబరాల పండుగగా పెరిగింది. తోలుకు బదులు ఫైబరు పొర బిగించిన డప్పులు వాడకంలోకి వచ్చాయి, వాటిని ఆషాఢపు చినుకుల్లోనూ మంట కాచకుండానే వాయించవచ్చు.