ఆరో తరగతిలో ఎవరి మాట? ప్రభుత్వ ప్రాథమికోన్నత బడిపై తల్లిదండ్రుల, విద్యార్థుల అభిప్రాయాలు

2020 ఏప్రిల్ 15న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రెండు ప్రభుత్వ ఉత్తర్వులను కొట్టివేసింది. ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం స్థానంలో ఇంగ్లిషు మాధ్యమం తేవడానికి 2019 నవంబరులో వెలువడిన 81, 85 నంబరు జీవోలవి. తీర్పు వచ్చి వారం తిరక్కుండానే ప్రభుత్వం మరో జీవో ఇచ్చింది. 1 నుంచి 5 తరగతుల పిల్లల తల్లిదండ్రుల అభిప్రాయాన్ని రాతపూర్వకంగా సేకరించమంది. అవి లాక్‌డౌన్ రోజులు, బళ్లు మూతపడి ఉన్నాయి. వాలంటీర్ల ద్వారా ఫారాలు ఇళ్లకు చేరాయి. తల్లిదండ్రుల ముందు మూడు ఎంపికలు ఉంచారు: తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండే ఇంగ్లిషు మాధ్యమం, తెలుగు మాధ్యమం, ఇతర భాషా మాధ్యమం. 96 శాతానికి పైగా మొదటిదాన్నే కోరుకున్నారని ప్రభుత్వం ప్రకటించింది.

లక్షలాది తల్లిదండ్రులు సంతకం చేసిన ఆ ఫారాలను తోసిపుచ్చాలని ఈ వ్యాసం అనడం లేదు. కూలికి వెళ్లే తల్లి తన బిడ్డకు ఇంగ్లిషు కావాలని అడిగితే ఆ కోరిక వెనుక ఆమె చూసిన లోకం ఉంది. ఉద్యోగాలు ఏ భాష వచ్చినవాళ్లకు దొరుకుతున్నాయో, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు కాగితాలు ఏ భాషలో ఉంటున్నాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాకపోతే ఆ ఫారం అడిగింది ఒక్క ప్రశ్నే. బడిలో ఎంతమంది సార్లున్నారు, లెక్కలు ఎవరు చెబుతున్నారు, చెప్పింది పిల్లకు అర్థమవుతోందా, మరుగుదొడ్డి తలుపుకు గడియ పడుతుందా అని అడగలేదు. ఆ వేసవి దాటితే ఆరో తరగతిలో కూర్చోవలసిన పదేళ్ల, పదకొండేళ్ల పిల్లలనైతే అసలే పలకరించలేదు.

ప్రభుత్వ బడిపై అభిప్రాయం అనగానే మన ప్రభుత్వాలు, న్యాయస్థానాలు, చాలావరకు పరిశోధకులు కూడా చూస్తున్నది తల్లిదండ్రుల ఎంపికను. ఏ బడిలో వేశారు, ఏ మాధ్యమం అడిగారు, ఎప్పుడు మాన్పించారు అన్న లెక్కల్లోంచి అభిప్రాయాన్ని ఊహించుకుంటున్నారు. రోజూ ఏడు గంటలు ఆ బడిలో గడిపే పిల్లల అనుభవం ఈ లెక్కల్లోకి రాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలో ఈ లోటు మరింత పెద్దదని నా వాదన.

ఆరో తరగతికి ముందు జరిగే వడపోత

ఊళ్లో దాన్ని యూపీ స్కూలంటారు, కాగితాల్లో ప్రాథమికోన్నత పాఠశాల. ఒకటి నుంచి ఏడు దాకానో ఎనిమిది దాకానో తరగతులుంటాయి. కాస్త పెద్ద ఊళ్లలో ఈ తరగతులు జిల్లా పరిషత్ హైస్కూల్లోనే భాగం. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ఈ దశకు ప్రత్యేక నిబంధనలున్నాయి. తరగతికి కనీసం ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. వారిలో సైన్సు, గణితానికి ఒకరు, సాంఘిక శాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. 35 మంది పిల్లలకు ఒకరి చొప్పున లెక్క చూడాలి. పిల్లలు వందమంది దాటితే పూర్తికాలపు ప్రధానోపాధ్యాయుడు కావాలి. ప్రాథమిక బడిలో ఒకే టీచరు అన్నీ చెబుతున్నా తల్లిదండ్రులు సర్దుకుంటారు. ఆరో తరగతి వచ్చేసరికి “లెక్కల సారున్నాడా?” అన్నది మొదటి ప్రశ్న అవుతుంది. ఆ ప్రశ్నకు సమాధానం లేని ఊళ్లోనే బడి పేరు చెడిపోవడం మొదలవుతుంది.

అంతకంటే లోతైన సంగతి ఇంకొకటుంది. సాంఘిక సంక్షేమ గురుకులాలు ఐదో తరగతిలో ప్రవేశాలు ఇస్తాయి. నవోదయ, ఆదర్శ పాఠశాలలు ఆరో తరగతిలో పరీక్ష పెట్టి తీసుకుంటాయి. కస్తూర్బా బాలికా విద్యాలయాలు కూడా ఆరో తరగతి నుంచే మొదలవుతాయి. అంటే ఊరి బడికి పోటీ ప్రైవేటు బడి ఒక్కటే కాదు, ప్రభుత్వం నడిపే ఇతర బడులు కూడా. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల ఆలోచన ఎందరో పేద పిల్లల బతుకులు మార్చింది. దాని గొప్పతనాన్ని తక్కువ చేయలేం. కానీ ఏటా పదేళ్ల వయసులో జరిగే ఈ ఎంపిక తర్వాత ఊరి బడిలో మిగిలిన పిల్లవాడికి ఒక మాట అంటుకుంటుంది: “వాడికి సీటు రాలేదు.” ఆరో తరగతి మొదటి రోజున ఆ పిల్లవాడు తన బడి గురించీ తన గురించీ అప్పటికే ఎవరో ఇచ్చిన తీర్పుతో బెంచీ మీద కూర్చుంటాడు. బడిపై విద్యార్థుల అభిప్రాయం తెలుసుకోవాలనుకునే ఏ పరిశోధకుడైనా ముందుగా లెక్కలోకి తీసుకోవలసింది ఈ గాయాన్నే.

1970లో ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ ఒక సంస్థ క్షీణిస్తున్నప్పుడు జనం చేసే పనులను విడిచిపోవడం, నోరు విప్పడం అని విడదీసి చూపాడు. నాణ్యత గురించి ఎక్కువగా పట్టించుకునేవాళ్లే ముందుగా వెళ్లిపోతారనీ, ఉండి ఉంటే గట్టిగా అడిగేది కూడా వాళ్లేననీ ఆయన విశ్లేషణ. మన యూపీ స్కూళ్లకు ఇది అక్షరాలా వర్తిస్తుంది. అడగగలిగిన తల్లి బిడ్డతో పాటు ఐదో తరగతి దగ్గరే వెళ్లిపోతుంది. వెళ్లలేకపోయినవారి మౌనాన్ని తృప్తిగా లెక్కగట్టడం మన కార్యాలయాలకు అలవాటైంది.

వెళ్లిపోవడాన్ని ఎలా చదవాలి

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు వయసుల పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఈ విషయంలో విలువైన ఆధారం. ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లేవారు 2002లో 24 శాతం ఉంటే 2009లో 44 శాతమయ్యారు. మగపిల్లలను ప్రైవేటుకు, ఆడపిల్లలను ప్రభుత్వ బడికి పంపే ధోరణి కూడా అందులో బయటపడింది. ఒకే ఇంట్లో అన్న బస్సెక్కి వెళుతుంటే చెల్లెలు ఊరి బడికి నడిచి వెళుతుందనుకుందాం. ఆ తల్లిదండ్రుల అభిప్రాయం ఏ బడి గురించి? కొడుకు మీద పెట్టే ఖర్చు తిరిగి వస్తుందన్న నమ్మకం, కూతురు పెళ్లి చేసుకుని వెళ్లిపోతుందన్న లెక్క అక్కడ బడి నాణ్యత మీద తీర్పులా కనిపిస్తున్నాయి.

మరో అధ్యయనం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి రాష్ట్రంలోని 180 గ్రామాల్లో లాటరీ ద్వారా కొందరు పిల్లలకు ప్రైవేటు బడిలో చదివే వోచర్లు ఇచ్చి చూశారు. 2015లో ప్రచురించిన ఫలితాల ప్రకారం నాలుగేళ్ల తర్వాత కూడా తెలుగు, గణితంలో ఆ పిల్లలు ప్రభుత్వ బడి పిల్లలకంటే మెరుగ్గా లేరు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు. ప్రైవేటు బళ్లు తెలుగు, లెక్కలకు తక్కువ సమయం కేటాయిస్తూ, ఒక్కో పిల్లపై ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు కూడా పెట్టకుండా ఈ ఫలితం సాధించడం ప్రభుత్వ బడికి ఊరట కలిగించే సంగతి కాదు. అయినా ఒక విషయం తేలింది: జనం ప్రైవేటుకు వెళుతున్నారు కాబట్టి అక్కడ చదువు తప్పక బాగుంటుందని చెప్పడానికి వీల్లేదు.

అసర్ సర్వేల్లో దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లోని 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడిలో ఉన్నవారు 2018లో 65.6 శాతం, 2022లో 72.9 శాతం, 2024లో 66.8 శాతం. ఆరేళ్లలో ప్రభుత్వ బళ్లు ఒక్కసారిగా బాగుపడి మళ్లీ ఒక్కసారిగా పాడయ్యాయా? కోవిడ్ కాలంలో కుటుంబాల చేతిలో డబ్బు ఆడలేదు, చిన్న ప్రైవేటు బళ్లు కొన్ని మూతపడ్డాయి, ఆ తర్వాత పరిస్థితి తిరగబడింది. ఆ అంకెల్లో ఎక్కువగా కనపడేది ఇంటి జేబు.

నోరు విప్పినప్పుడు

పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆసక్తి లేదన్న మాట ఒకప్పుడు అధికారుల నోట గట్టిగా వినిపించేది. 1990ల్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ చేసిన పని ఆ మాటను నిలవనీయలేదు. శాంతా సిన్హా నాయకత్వంలో జీతాలకున్న పిల్లలను, పొలాల్లో ఉన్న ఆడపిల్లలను వారధి శిబిరాల మీదుగా బడిలో చేర్చినప్పుడు అడ్డుపడింది తల్లిదండ్రుల అనాసక్తి కన్నా బడి చూపిన నిర్లక్ష్యమే. వయసు మీరిందని చేర్చుకోకపోవడం, కాగితాలు తెమ్మని తిప్పడం లాంటివి.

ఆ తర్వాతి దశాబ్దాల్లో తల్లిదండ్రుల నోటికి చట్టం ఒక చోటిచ్చింది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటారు. 2019లో మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బళ్ల మరమ్మతుల బాధ్యత ఈ కమిటీల చేతికే వచ్చింది. ఎన్నడూ ఆఫీసు గది గడప దాటని తల్లులు పంపులు, ఫ్యాన్లు, నేల పలకల గురించి మాట్లాడారు. ఇది చిన్న మార్పు కాదు. తెలంగాణలో 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా మహిళా సంఘాలకు ఇలాంటి బాధ్యతే ఇచ్చాయి. కానీ ఈ రెండు చోట్లా తల్లుల మాట గోడల దాకా వెళ్లింది, పాఠం దాకా వెళ్లలేదు.

పాఠం దాకా, బడి ఎక్కడుండాలన్న దాకా మాట వెళ్లవలసి వచ్చినప్పుడు తల్లిదండ్రులు రోడ్డెక్కారు. 2022లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లలో కలిపినప్పుడు ఆ జులైలో అనేక ఊళ్లలో నిరసనలు జరిగాయి. చిన్నపిల్లలు పెద్ద రోడ్డు దాటి వెళ్లాలన్నది వాళ్ల భయం. ఫారంలో దేనికి టిక్కు పెడితే ఈ భయం నమోదయ్యేది? 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లన్నిటిలో ఒకే రోజు తల్లిదండ్రుల సమావేశం జరిపారు. కూలి మానుకుని వచ్చిన నాన్నలు కూడా బడి ఆవరణలో గౌరవంగా కూర్చున్నారు. ఇది కొనసాగాలని మనసారా కోరుకుంటాను. అయితే పండగ వాతావరణంలో, ఉపన్యాసాలూ పోటీలూ భోజనాల మధ్య “మా అమ్మాయికి భిన్నాలు రావడం లేదు సార్” అని చెప్పడానికి ఎంత సమయం మిగులుతుంది? పైగా తొలి తరం చదువరుల ఇళ్లలో ఆ మాట చెప్పాలంటే ముందు ఆ తల్లికి అది తెలియాలి. ఆమెకు తెలిసే దారి కూతురు ఒక్కతే.

ఏటవాలు గీతకు అవతల

2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కర్ణాటక మాధ్యమ వివాదంలో తీర్పునిచ్చింది. ప్రాథమిక దశలో ఏ మాధ్యమంలో చదవాలో ఎంచుకునే స్వేచ్ఛ పిల్లలది, లేదా వారి తరఫున తల్లిదండ్రులది అని దాని సారాంశం. మాధ్యమ చర్చలో రెండు పక్షాలూ ఈ తీర్పును ప్రస్తావించాయి, కానీ దానిలో మొదట నిలబడిన పిల్లలను రెండు పక్షాలూ దాటేసి వెళ్లాయి. బాలల మాటకు వారి వయసును బట్టి విలువ ఇవ్వాలన్న ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో భారత్ 1992లోనే చేరింది.

విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాల్లోనూ ఇదే జరిగింది. కమిటీలో తల్లిదండ్రులు పోగా మిగిలిన స్థానాల్లో మూడో వంతు స్థానిక విద్యావేత్తలకు గానీ బడి పిల్లలకు గానీ ఇవ్వాలట. ఆ రెండు మాటల మధ్య ఉన్నది ఒక ఏటవాలు గీత. ఎవరిని తీసుకోవాలో కమిటీలోని తల్లిదండ్రులు తేల్చాలి. విశ్రాంత ఉపాధ్యాయుడు ఊళ్లో ఉండగా పదమూడేళ్ల పిల్లను ఎవరు పిలుస్తారు?

పిల్లలకు తెలిసినవి

2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదురు పేజీ తెలుగులో వస్తున్నాయి. తెలంగాణ కూడా 2022-23లో 1 నుంచి 8 తరగతులకు ఇంగ్లిషు మాధ్యమం ప్రవేశపెట్టింది. ఆరో తరగతి పిల్ల సైన్సు పాఠం తెరిచినప్పుడు ముందు ఏ పేజీ చదువుతుంది? సారు ఏ పేజీ వివరిస్తారు? పరీక్షలో జవాబు ఏ పేజీలోంచి వల్లె వేసి రాస్తుంది? మాధ్యమంపై ఇరవై ఏళ్లుగా సాగుతున్న మన వాదోపవాదాల్లో ఇంత నేరుగా సాక్ష్యమిచ్చే ప్రశ్న మరొకటి కనిపించదు. దీనికి జవాబు ఆ పిల్ల దగ్గర తప్ప ఎక్కడా లేదు, వాళ్లమ్మ దగ్గర కూడా.

ఆడపిల్లల విషయంలో ఇది మరీ స్పష్టం. ఏడో తరగతి నుంచి పన్నెండు దాకా బాలికలకు నెలకు పది శానిటరీ నాప్‌కిన్లు ఇచ్చే స్వేచ్ఛ పథకం 2021 అక్టోబరులో వచ్చింది. నాప్‌కిన్ చేతికందినా గడియ లేని తలుపు, నీళ్లు రాని పంపు ఉంటే నెలలో ఆ మూడు రోజులు బడికి రాదు. హాజరు పట్టీలో అది గైర్హాజరుగా పడుతుంది, కారణం పడదు.

పిల్లల మాట నమ్మదగినదేనా అన్న సందేహం న్యాయమైనదే. సారు ఎదుట నిలబెట్టి అడిగితే తరగతంతా “బాగుంది సార్” అని ఒక్క గొంతుతో అంటుంది. ఆ జవాబు భయానిదో మర్యాదదో చెప్పలేం. లోపం ప్రశ్నలోనే ఉంది. లెక్కల సారు బాగా చెబుతారా అంటే పిల్ల గురువుకు మార్కులు వేయాలి. మన ఇళ్లలో పెరిగిన పిల్ల ఆ పని చేయదు. నిన్న లెక్కల పీరియడు జరిగిందా, నీ నోటుబుక్కు చివరిసారి ఎప్పుడు దిద్దారు, అర్థం కాకపోతే ఎవరిని అడుగుతావు అంటే జరిగింది చెబుతుంది. పేర్లు రాయించకుండా, ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి, ఆ బడికి చెందని ఒక ఉపాధ్యాయురాలు అడిగితే చాలు. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల వయసు ఇందుకు అనువైనది. జరిగింది వివరంగా చెప్పగలిగినంత పెద్దవాళ్లు, పదో తరగతి ఒత్తిడి ఇంకా మీద పడనివాళ్లు. ఉపాధ్యాయులకు కూడా ఇది అండే అవుతుంది. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోబెట్టి నెట్టుకొస్తున్న సారు కష్టాన్ని దగ్గరగా చూసేది ఈ పిల్లలే, పోస్టు ఖాళీగా ఉందని నెలల లెక్కతో చెప్పగలిగేదీ వాళ్లే.

ఆ ఏటవాలు గీతలో పిల్లల వైపును ఎంచుకోవడానికి కొత్త జీవో, నిధులు అక్కర్లేదు, కమిటీలోని తల్లిదండ్రులు తీర్మానం చేసుకుంటే సరిపోతుంది. జూన్‌లో బళ్లు తెరిచాక జరిగే మొదటి సమావేశానికి ఏడో తరగతి నుంచి ఒక అమ్మాయిని, ఒక అబ్బాయిని కూర్చోబెట్టుకుని, ముందటి వారం ఏ పీరియళ్లు జరిగాయి, ఏవి జరగలేదు అన్న లెక్కను మినిట్స్ పుస్తకంలో మొదటి అంశంగా రాయించవచ్చు.