ఉడుకునీటి బుగ్గల పట్టిక

భద్రాచలమునకు దగ్గరలో, గోదావరి ఒడ్డున, గుండాల అను ఊరు కలదు. అచట ఇసుకలో చిన్న గుంట త్రవ్వినచో వెచ్చని నీరు ఊరును. త్రిమూర్తులు చలికాలమున అచట స్నానము చేయుదురని స్థలపురాణము. బదరీనాథములోని తప్తకుండము, రాజగృహములోని బ్రహ్మకుండము, కులూ సీమలోని మణికరణ్ యాత్రికులెరిగినవే. ఉడుకునీటి బుగ్గ ఉన్నచోట గుడియో, గుండమో వెలయుట మన దేశములో పరిపాటి. కాని ఆ నీటి వేడిమి ఎంత? నిరుటికిని నేటికిని మార్పున్నదా? ఈ ప్రశ్నలకు పురాణము జవాబు చెప్పదు, చెప్పవలసిన పనియు దానికి లేదు.

థర్మామీటరు వచ్చిన పిదపగూడ చాలకాలము స్థితి మారలేదు. ఒక సైనికోద్యోగి డైరీలో ఒక అంకె, ఒక వైద్యుని ఉత్తరములో మరియొక అంకె. ఇట్లు చెదరియున్న అంకెల నుండి శాస్త్రము పుట్టదు. అవి ఒకచోట అచ్చుపడవలెను. తరువాత వచ్చువాడు వాటిని చదివి, అచటికే పోయి, మరల కొలిచి, ఇది సరి, ఇది తప్పు అని చెప్పగలుగవలెను. భూతాపశక్తి అని నేడు మనము పిలుచు శాస్త్రమునకు మన దేశములో అట్టి పునాది పడినది 1882లో.

అంతకు ముందు ప్రయత్నములు లేకపోలేదు. జర్మనీ దేశస్థులగు ష్లాగింట్‌వైట్ సోదరులు 1854 మొదలు 1857 వరకు భారతదేశమును, హిమాలయములను చుట్టిరి. వారిలో అడోల్ఫ్ 1857లో కాష్‌గర్ పట్టణమున చంపబడినాడు. రాబర్ట్ ఇంటికి చేరి, భారతదేశపు ఉష్ణజలముల పట్టికనొకదానిని 1860ల దశకములో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు.

ఇంకను పెద్ద పట్టికను కూర్చినవాడు థామస్ ఓల్డ్‌హామ్. ఈయన ఐర్లండు దేశస్థుడు. 1851లో కలకత్తాకు వచ్చి, భారత భూగర్భ సర్వే శాఖను తీర్చిదిద్ది, పాతికేండ్లు నడపి, 1876లో పదవి విడిచినాడు. రెండేండ్లకే, 1878లో, మరణించినాడు. వ్రాతప్రతులు కొన్ని అసంపూర్తిగా మిగిలిపోయినవి. ఆ మరుసటి సంవత్సరము ఆయన కుమారుడు రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్, ఇరువదియొక్క ఏండ్ల యువకుడు, అదే శాఖలో ఉద్యోగమునకు చేరినాడు. తండ్రి కాగితములను సరిచూచి అచ్చువేయించు పని అతనిపై పడినది. సర్వే శాఖ వారి గ్రంథమాలలో 19వ సంపుటము తిరుగవేసినచో అందు ఈ మూడు భాగములును కనబడును: 1869 నాటి కాచార్ భూకంపము, భారతదేశపు ఉష్ణజలములు, భారతదేశపు భూకంపముల పట్టిక. మూడును తండ్రి సేకరణలే, మూడింటిని అచ్చుకు సిద్ధము చేసినది కుమారుడే.

ఇతరుల పట్టికలను దిద్దుట యువకులకు విసుగు పుట్టించు పని. ఈ యువకునికి మాత్రము అది వృథా పోలేదు. 1897 నాటి అస్సాము భూకంపమును పరిశీలించి, భూకంప తరంగములలో వేరువేరు రకములున్నవని చూపినవాడు ఇతడే. 1906లో ఆ తరంగముల నడకను బట్టి భూమికి నడుమ వేరొక గర్భగోళము కలదని చెప్పినవాడును ఇతడే.

ఇక పట్టిక సంగతి. అందు సుమారు 300 బుగ్గలు చేరినవి. వాటిని పటముపై గుర్తించినచో అవి దేశమంతట చల్లినట్లు ఉండవు, వరుసలు తీరియుండును. హిమాలయము వెంట ఒక వరుస, కొంకణ తీరమునకు సమాంతరముగా ఒకటి, నర్మదా–శోణ లోయలలో ఒకటి. గోదావరి లోయలోను కొన్ని ఉన్నవి. మన ప్రధాన భూభాగముపై మండు అగ్నిపర్వతమేదియు లేదు గదా, మరి ఈ వేడి ఎచటిది? పట్టిక ఈ ప్రశ్నను స్పష్టముగా నిలబెట్టినదేగాని జవాబు ఈయలేదు. పైకి వచ్చిన నీటి వేడిమి లోతున గల వేడిమిని చెప్పదు. దారిలో చల్లని నీరు కలిసియుండవచ్చును, మెల్లగా వచ్చి చల్లారియుండవచ్చును.

జవాబు మూడు వైపుల నుండి వచ్చినది. మొదటిది వేడి ప్రవాహమును కొలుచుట. లోతుకు పోయినకొలది వేడిమి ఎంతెంత హెచ్చుచున్నదో చూచి, దానిని అచటి రాతి ఉష్ణవాహకతతో గుణించినచో, భూమి నుండి పైకి వచ్చు వేడి తెలియును. దక్షిణాఫ్రికా గనులలో బులార్డ్, బ్రిటనులో బెన్‌ఫీల్డ్ ఇట్లు కొలిచి 1939లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించిరి. మన దేశములో ఈ పనికి హైదరాబాదు ముఖ్యస్థానమైనది. 1961లో అచట నెలకొల్పబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన వర్మ, రావు అనువారు కోలారు బంగారు గనులలో కొలిచిన ఫలితములు 1965లో వెలువడినవి. అచట ప్రవాహము చాల తక్కువ. దక్కను ప్రాచీన శిలలు చల్లబడినవి. కనుక ఇచటి బుగ్గలకు అగ్నిపర్వతములతో పనిలేదు. పగుళ్ళ వెంట లోతుకు దిగిన నీరు వేడెక్కి మరల పైకి వచ్చుచున్నదని చెప్పుట సబబు.

రెండవది నీటి పుట్టుకను తెలిసికొనుట. ఈ నీరు కరగిన శిలల నుండి క్రొత్తగా పుట్టుచున్నదని పూర్వము చాలమంది తలచిరి. అమెరికాలో హార్మన్ క్రెయిగ్, ఆయన సహచరులు 1956లోను, క్రెయిగ్ మరల 1963లోను, ఆ నీటిలోని బరువు హైడ్రోజనును కొలిచి, అది ఆ ప్రాంతపు వాన నీటితో సరిపోవుచున్నదని చూపిరి. బుగ్గలలోనిది ప్రధానముగా వాన నీరే! ఇది చిన్న సంగతి కాదు. వాన నీరైనచో భూగర్భములోని ఆవిరి మన ఊరి చెరువు వంటిది. వచ్చుదానికంటె హెచ్చుగా తోడినచో తగ్గును. కాలిఫోర్నియాలోని గీజర్స్ క్షేత్రమున 1980ల చివర నుండి సరిగా ఇదే జరిగినది. ఆవిరి తగ్గగా, 1997 నుండి పట్టణముల మురుగు నీటిని శుద్ధిచేసి, గొట్టములలో తెచ్చి, భూమిలోనికి పంపుచున్నారు.

మూడవది, నాకు మిక్కిలి ముచ్చట గొలుపునది, 1966 నాటి ఫోర్నియర్, రో అనువారి వ్యాసము. నీరు ఎంత వేడియైన అంత హెచ్చు సిలికా కరగును. నీరు వేగముగా పైకి వచ్చినచో ఆ సిలికా వెంటనే విడిపోదు. కనుక బుగ్గ నీటిని ఒక సీసాలో పట్టి సిలికాను తూచినచో లోతున ఎంత వేడి కలదో అంచనా కట్టవచ్చును. కిలో నీటిలో 100 మిల్లీగ్రాములున్నచో సుమారు 137 డిగ్రీల సెంటీగ్రేడు. 200 ఉన్నచో సుమారు 180. చల్లని నీరు కలిసినచో లెక్క తప్పును, నిజమే. అయినను ఓల్డ్‌హామ్ పట్టికలో పేరు మాత్రము కల బుగ్గ ఈనాడు బావి త్రవ్వకయే తన లోతును చెప్పుకొనుచున్నది.

అప్పటికి ఇటలీలోని లార్దెరెల్లోలో 1904లో ఐదు దీపములు వెలిగించిన ఆవిరి పెద్ద విద్యుత్కేంద్రములను నడపుచుండెను. న్యూజీలండులో 1958లోను, కాలిఫోర్నియాలో 1960లోను కేంద్రములు వెలసినవి. భారత ప్రభుత్వము 1966లో ఉష్ణజలముల సంఘమును నియమించినది; దాని నివేదిక 1968లో వచ్చినది. ఎచటికి పోయి వెదకవలెనో చెప్పు పట్టిక వారికి అప్పటికే సిద్ధము. 1970లో ఇటలీలోని పీసా నగరమున ఐక్యరాజ్యసమితి ఒక సదస్సును జరిపినది. ఈ శాస్త్రమునకే ప్రత్యేకించిన ‘జియోథర్మిక్స్’ పత్రిక ఆ నగరపు పరిశోధన సంస్థ నుండియే వెలువడెను. 1970ల దశకములో లడఖ్‌లోని పూగా లోయలో భూగర్భ సర్వే వారు బావులు వేయగా, 400 మీటర్ల లోపుననే 140 డిగ్రీల వరకు వేడిమి కనబడినది.

పట్టిక పెరుగుచునే యున్నది. 1991లో సర్వే శాఖ దానిని భూతాప అట్లాసుగా ప్రకటించినది. 2022 నాటి అట్లాసులో 381 ప్రదేశములున్నవి. వాటి నుండి 10,600 మెగావాట్ల శక్తి రాగలదని అంచనా. ఈ అంకెను పత్రికలలో చూచి సంబరపడువారు అది అంచనాయే కాని బావి మూతి వద్ద కొలిచినది కాదని గుర్తించవలెను. మణుగూరు వద్ద పగిడేరులో బోరుబావి వేడినీటితో సింగరేణి వారు నెలకొల్పిన ప్రయోగ కేంద్రము శక్తి 20 కిలోవాట్లు మాత్రమే. పదివేల మెగావాట్లకును ఇరువది కిలోవాట్లకును నడుమ గల దూరమును బావులు పూడ్చవలెను. ఆ బావులలో తేలిన అంకెలు, వేడి దొరికినను దొరకకపోయినను, ఓల్డ్‌హామ్ పట్టిక వలెనే అందరికి అందునట్లు అచ్చుకావలెను. వట్టిపోయిన బావి వివరము బీరువాలో ఉండిపోయినచో, రెండవవాడు అచటనే మరల త్రవ్వును.